ఉలి మీద ముద్ర

పొద్దున ఏడు కాకముందే పిడుగు పుట్టింటి పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో కూరగాయల సంచీ ఉంది కానీ అందులో కూరగాయలు లేవు. మొగుడి పాత చొక్కా, చేతి తొడుగులు, ఇనుము అరగదీసే ఆకురాళ్ళు రెండు ఉన్నాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులని, వంటకి సాయం చెయ్యడానికి కూతురు రోజూ వచ్చి పోతోందని వీధిలో అందరూ అనుకుంటారు. మూడేళ్ళుగా అలాగే అనుకుంటున్నారు. అమ్మ మోకాళ్ళు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పిడుగుకి ముప్ఫై నాలుగేళ్ళు. చిన్నప్పుడు ఆమె కోపం చూసి నాన్న పెట్టిన పేరది. పెళ్ళయి రెండు వీధులవతలికి వెళ్ళినా ఆ పేరు వదల్లేదు. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా అలాగే పిలుస్తాడు.

నాన్న కమ్మరి. రాళ్ళు చెక్కే ఉలులు, సుత్తులు, గడ్డపారలు ఆయన చేస్తే తిప్పి చూసుకోకుండా పట్టుకుపోయేవారు. ఉలి మీద మూడు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు, ఇంక మాట్లాడేది లేదు. అలాంటి మనిషికి మూడేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. సుత్తి ఒక చోట వెయ్యబోతే ఇంకో చోట పడేది. ఆ ఇంట్లో ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నది కూతురొక్కతే. కొడుక్కి కొలిమి వేడి పడదు, వాడు వీధి చివర ఇనప సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. అందుకని నాన్న కూతుర్నే పిలిచి, ఆరు నెలలు నువ్వు చెయ్యి, ఈలోగా నా చెయ్యి కుదురుకుంటుంది, బయట మాత్రం చెప్పకు అన్నాడు. ఆమె సరేనంది. ఆయన మొహం చూసి కాదనలేకపోయింది.

అప్పట్నించీ ఇంట్లో ఒక ఏర్పాటు నడుస్తోంది. వెనక షెడ్డులో పిడుగు పని చేస్తుంది. వీధి గుమ్మం దగ్గర స్టూలు మీద నాన్న కూర్చుంటాడు. ఎవరైనా కొనేవాళ్ళు వస్తుంటే అమ్మ వంటింట్లో పళ్ళెం మీద గరిటెతో రెండుసార్లు కొడుతుంది. పిడుగు సుత్తి ఆపుతుంది. నాన్న షెడ్డులోకి వచ్చి, నుదుటి మీద నాలుగు నీటి చుక్కలు చల్లుకుని, సుత్తి చేత్తో పట్టుకుని, అప్పుడే పని ఆపి వచ్చినవాడిలా బయటికి వెళతాడు. మొదట్లో అది చూసి ఆమెకి నవ్వొచ్చేది. తర్వాత నవ్వు రావడం మానేసింది. ఎవరో వచ్చి, పెద్దాయనా, ఈ వయసులో నీ పనితనం ఇంకా పదునెక్కింది అంటుంటే, తలుపు సందులోంచి ఆయన మొహంలో మెరుపు చూసి ఆమెకి ఒళ్ళు మండేది. మండినా నోరు మెదపలేదు.

ఆ రోజు ఆమె కొలిమి అంటించి నాలుగు ఉలులు కాలుస్తోంది. ఉలి పని అంతా ఆఖరి నిమిషంలో ఉంటుంది. ఎర్రగా కాలిన మొనని నీళ్ళలో ముంచి తీస్తే, వెనక మిగిలిన వేడి మెల్లగా మొన వైపు పాకుతూ ఇనుము రంగు మారుస్తుంది. ఏ రంగు దగ్గర ఆపాలో తెలియాలి. ఇంకో సంగతి కూడా నాన్న ఆమెకి తొమ్మిదో ఏటే నూరిపోశాడు. మొన గట్టిగా ఉండాలి, దెబ్బ తినే తల మెత్తగా ఉండాలి. తల కూడా గట్టిపడితే సుత్తి దెబ్బకి పెచ్చు లేచి మనిషి మీదకే ఎగురుతుంది.

రోజుకి ఎనిమిది ఉలుల కన్నా ఆమె చెయ్యదు. కిందటి నెల తమ్ముడొచ్చి, ఒక కాంట్రాక్టరు పెద్ద కట్టడం మొదలుపెడుతున్నాడు, రెండొందల ఉలులు పదిహేను రోజుల్లో కావాలి అన్నాడు. కుదరదంది. బతిమాలాడు, అలిగాడు, నీకు కొట్టు బాగుపడటం ఇష్టం లేదన్నాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. పోనీలే, అర్థం చేసుకున్నాడు అనుకుంది ఆమె.

ఎనిమిదవుతుండగా వంటింట్లో పళ్ళెం మోగింది. పిడుగు సుత్తి ఆపింది. నాన్న లోపలికొచ్చి నీళ్ళ తొట్టిలో వేళ్ళు ముంచేలోపే వచ్చినాయన ఆయన వెనకే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. రాళ్ళ మేస్త్రి. పాతికేళ్ళుగా ఈ ఇంటి ఉలులే వాడుతున్న మనిషి. ఎడమ కంటి మీద మందపాటి కట్టు ఉంది. చెంప వాచి నల్లబడింది. గుడ్డలో చుట్టిన ఉలి తీసి నాన్న ముందు పెట్టాడు. దాని తల ఒక పక్క పగిలి ఉంది.

తమ్ముడు కొట్టుకి వెళ్ళబోతూ తాళాలు తీసుకోవడానికి వచ్చాడు. మేస్త్రి కట్టు చూడగానే నడవలోనే ఆగిపోయాడు.

మేస్త్రి గొంతు పెంచలేదు. నిన్న మధ్యాహ్నం మెట్టు రాయి చెక్కుతుంటే ఉలి తల పెచ్చు లేచి కంట్లోకి కొట్టిందని, ఆస్పత్రిలో ముక్క తీశారని, చూపు సంగతి పది రోజులు ఆగితే గాని చెప్పలేమన్నారని చెప్పాడు. కిందటి వారం మీ అబ్బాయి కొట్లో కొన్న పది ఉలుల్లో ఇదొకటి అన్నాడు.

"ముద్ర నీదేనా అన్నా?"

నాన్న ఉలి తిప్పి చూశాడు. మూడు చుక్కలు, కింద గీత. "నాదే."

"నువ్వు చేసిందేనా?"

నాన్న నడవలో ఉన్న కొడుకు వైపు చూశాడు. కొడుకు తల దించుకున్నాడు.

"నా చెయ్యి బాగోలేదు మేస్త్రీ. మూడేళ్ళయింది. ఇప్పుడు ఉలులన్నీ మా అమ్మాయే చేస్తోంది. పిల్ల ఏదో పొరపాటు చేసుంటుంది. నీ వైద్యం సంగతి నేను చూసుకుంటాను."

పిడుగు కొలిమి దగ్గర నిలబడిపోయింది. ఈ మాట కోసమే ఆమె మూడేళ్ళు ఎదురు చూసింది. ఏదో ఒక రోజు, ఎవరో ఒక మంచి పనివాడి ముందు, మా అమ్మాయే చేస్తోంది అని నాన్న అంటాడనీ, అప్పుడు తను ఏమీ ఎరగనట్టు తల వంచుకోవాలనీ కూడా అనుకుంది. ఆ మాట ఇవాళ ఆయన నోట వచ్చింది, ఇలా వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మొగుడి చొక్కాలో, మసి మొహంతో ఆమె వెలుతురులోకి వచ్చింది. మేస్త్రి ఉన్న ఒక్క కంటితో ఆమెని పైనుంచి కింద దాకా చూశాడు.

"నీ సరదాకి నా కన్నే దొరికిందా అమ్మాయ్?"

పిడుగు నాన్న చేతిలోంచి పగిలిన ఉలి తీసుకుని పగులు దగ్గర చూసింది. షెడ్డులోకి వెళ్ళి నిన్న తను చేసిన ఉలి ఒకటి, ఒక ఆకురాయి తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టింది.

"నేను చెప్పేది నమ్మకండి. మీరే రుద్ది చూడండి. ముందు నాది, తల దగ్గర."

మేస్త్రి రుద్దాడు. ఆకురాయి కరకరమని పట్టుకుంది. సన్నటి రజను ఆయన వేళ్ళ మీద రాలింది. తర్వాత పగిలిన ఉలి మీద రుద్దాడు. కీచుమని జారిపోయింది. మళ్ళీ రుద్దితే మళ్ళీ జారింది. ఎంత నొక్కినా గీత పడలేదు. పాతికేళ్ళు రాయి మీద ఇనుము పట్టిన చెయ్యి అది. దానికి రెండు కళ్ళతో పనిలేదు. మొదలు నుంచి చివర దాకా ఒకే గట్టిదనం అని ఆ చేతికి తెలిసిపోయింది.

పిడుగు పగిలిన ఉలిని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూపించింది. ముద్ర చుట్టూ సాన పట్టిన గీతలున్నాయి. వాటి కింద, సరిగ్గా అరగని చోట, ఫ్యాక్టరీ అచ్చు అక్షరాలు రెండు ఇంకా కనబడుతున్నాయి.

"మరి ముద్ర ఎలా వచ్చింది?" అన్నాడు మేస్త్రి.

"ముద్ర కొట్టే అచ్చులు మా ఇంట్లో రెండే ఉన్నాయి. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది మా తాతది, నాన్న బీరువాలో ఉంటుంది. బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆయన్నే అడగండి."

మేస్త్రి అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది, నాన్న మొహం అలా ఉంది. మిగతా తొమ్మిది ఉలులు తన పనివాళ్ళ చేతుల్లో ఉన్నాయని, ముందు వెళ్ళి అవి లాక్కోవాలని చెప్పి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పాతికేళ్ళలో మొదటిసారి ఆయన వెళ్ళొస్తానని చెప్పకుండా వెళ్ళాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన గొడవ పక్కింటి మేడ మీదకి కూడా వినబడింది. తమ్ముడు ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత ఒప్పుకున్నాడు. కాంట్రాక్టరుకి మాట ఇచ్చేశాడట. అక్క చెయ్యనందని పెట్టెలకి పెట్టెలు ఫ్యాక్టరీ ఉలులు తెప్పించి, పేరు అరగదీసి, మూడు చుక్కలు కొట్టాడట. కాంట్రాక్టరుకి పోను మిగిలినవి కొట్లో పెట్టాడట. బజారంతా ఫ్యాక్టరీ సామానే అమ్ముతున్నారు, నేనొక్కణ్ణే అమ్మానా అని ఎదురు తిరిగాడు.

"అమ్ముకో, ఎవరొద్దన్నారు? ఫ్యాక్టరీ ఉలిని ఫ్యాక్టరీ ఉలి అని చెప్పి అమ్ముకో. దాని మీద ముద్రెందుకు కొట్టావురా?"

"ముద్ర ఉంటే అడక్కుండా కొంటారక్కా," అన్నాడు వాడు. తన నోట ఏం వచ్చిందో అన్న తర్వాత తెలిసి గోడ వైపు తిరిగాడు.

పిడుగు నాన్న వైపు తిరిగింది. ఆయన స్టూలు మీద కూలబడి, వణికే చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. వాడు వచ్చి అచ్చు అడిగితే రెండు రోజులు ఇవ్వలేదని, వాడు కంటనీరు పెట్టుకుంటే ఇచ్చేశానని చెప్పాడు. ఇవాళ మేస్త్రి ముందు వాడి పేరు బయటపెడితే రేపటికి కొట్టు మూతపడుతుంది, ఇద్దరు పిల్లల తండ్రి, వాడు తట్టుకోలేడు అన్నాడు.

"నేను తట్టుకుంటానా?"

"నువ్వు చిన్నప్పట్నించీ గట్టిదానివి," అన్నాడు ఆయన.

"గట్టిదాన్నని ఎంత కొట్టినా పడుంటాననుకున్నావా నాన్నా? నీ చెయ్యి వణుకుతోందని నలుగురికీ తెలిస్తే నీ మనసు చివుక్కుమంటుందని మూడేళ్ళు నోరు మూసుకున్నాను. చేతులు కాలితే అట్లు పోస్తుంటే కాలాయని చెప్పాను. మంచి ఉలులన్నీ నువ్వు చేశావు. పాడు ఉలి ఒకటి రాగానే అది నేను చేశానా?"

అమ్మ మధ్యలోకి వచ్చి, పోనివ్వవే, పెద్దాయన, ఏదో నోరు జారాడు అనబోయింది. పిడుగు ఆమె మీద కూడా మండిపడింది. పళ్ళెం మోగించినదానివి నువ్వే కదమ్మా, నేనేదో దొంగసొమ్మైనట్టు ప్రతిసారీ నన్ను దాచిపెట్టింది నువ్వే కదా అంది. అమ్మ చేతిలో గరిటె ఇంకా ఉంది. దాన్ని ఒకసారి చూసుకుని పక్కన పెట్టేసింది. తర్వాత తనే వెళ్ళి, చెప్పులు తెచ్చి మొగుడి కాళ్ళ ముందు పెట్టింది.

"లేవండి. పొద్దున మేస్త్రితో చెప్పిన మాట ఊరంతా తిరిగి చెప్పి రండి. ఈసారి సరిగ్గా చెప్పండి."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకి పని పురమాయించడం పిల్లలెప్పుడూ చూడలేదు. ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

కొట్టులోని తోపుడు బండి తీసుకుని తండ్రీ పిల్లలు ముగ్గురూ బయల్దేరారు. పిడుగు ముందు నడిచింది. చొక్కా మార్చుకోలేదు, మొహం కడుక్కోలేదు. తమ్ముడు ఎవరెవరికి అమ్మాడో చెబుతుంటే ఒక్కో పని స్థలానికీ వెళ్ళి ఉలులు వెనక్కి తీసుకుంటున్నారు. మొదటి చోట నాన్న ఏదో గొణిగాడు, ఎవరికీ వినబడలేదు. వినబడలేదు, మళ్ళీ చెప్పు అంది పిడుగు. ఆయన మళ్ళీ చెప్పాడు. కాంట్రాక్టరు తమ్ముణ్ణి పనివాళ్ళందరి ముందూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తమ్ముడు నోరెత్తకుండా పెట్టెలు బండిలోకి మోశాడు. పిడుగు పక్కనే నిలబడింది గాని అడ్డం వెళ్ళలేదు. వాడి చెవులు ఎర్రబడటం చూసింది. అయినా కదల్లేదు.

మధ్యాహ్నానికి మేస్త్రి ఇంటికి వెళ్ళారు. ఆయన వరండాలో పడుకుని ఉన్నాడు. తమ్ముడు గుమ్మం కిందే నిలబడి తప్పు నాదే అన్నాడు. మేస్త్రి వాడి మొహం చూడలేదు, నాన్నతోనూ మాట్లాడలేదు. పిడుగుతో మాత్రం, ఆ ముద్ర ఉన్న ఉలి ఇంక నేను కొనను, నీ ముద్ర నువ్వు వేరే వేసుకున్నాక వచ్చి చెప్పు అన్నాడు. తాత నాటి ముద్ర అది. నాన్న విన్నాడు. విని, తల ఊపాడు.

సాయంత్రం నాలుగు దాటాక ఆఖరి చోటికి చేరారు. పాత ప్రహరీ గోడ ఒకటి విప్పి మళ్ళీ కడుతున్నారు. అక్కడ ఆరుగురు పనివాళ్ళున్నారు. నాన్న సంగతంతా చెప్పాడు. అప్పటికి ఆయన గొంతు బాగానే వినబడుతోంది. అందరూ తమ సంచుల్లోంచి ఉలులు తీసి బండిలో పడేశారు. వాళ్ళలో నడివయసు మనిషొకడు, ఏడాదిగా వాడుతున్న ఉలి కూడా తీసి అందులో వేశాడు. అది పిడుగు చేసిందే. ఆడవాళ్ళు చేసిందని తెలిసుంటే అసలు కొనేవాణ్ణే కాదు అన్నాడు, నవ్వుతూ. పక్కవాళ్ళు కూడా నవ్వారు.

పిడుగు నోరు తెరిచేలోగా నాన్న బండి మీదకి వంగి ఆ ఉలి వెతికి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వణుకుతోంది. ఈసారి దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని దాచుకోలేదు. వణికే చేత్తోనే ఉలిని ఆ మనిషి ముందుకి చాచాడు.

"ఏడాదిలో దీనికి ఎన్నిసార్లు సాన పట్టించావు?"

ఆ మనిషి కాస్త ఆలోచించి, రెండుసార్లు అన్నాడు.

"నేను చేసినదైతే నాలుగుసార్లు పట్టించేవాడివి. ఇది మా అమ్మాయి చేసింది. మొదలుపెట్టిన వారంలోనే నా పనిని మించిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఎవరికీ చెప్పలేదు. చెయ్యి వణుకుతోందని దాచుకోలేదు నేను. నన్ను మించిన ఈ పని చూడలేక దాచాను."

ఆ మనిషి నవ్వు ఆపి ఉలి తీసుకున్నాడు. ఒకసారి మొన మీద బొటనవేలు ఆనించి చూసుకుని సంచిలో వేసుకున్నాడు. మిగతావాళ్ళు కూడా కాస్త ఇబ్బందిపడి పనిలోకి మళ్ళారు. వాళ్ళలో పెద్దవాడొకడు మాత్రం, మరి నువ్విప్పుడు ఏం చేస్తావు పెద్దాయనా అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు.

"మా అమ్మాయి రమ్మంటే బొగ్గులు ఎగదోస్తాను," అన్నాడు నాన్న.

పిడుగు బండి వెనక్కి వెళ్ళి, పెట్టెలు సర్దుతున్నట్టు వంగింది. పొద్దున్నించీ ఆమెని నిలబెట్టింది కోపమే. అది ఉన్నంతసేపూ కాళ్ళ నొప్పి తెలియలేదు, ఆకలి తెలియలేదు. ఇప్పుడు దాని కిందనించి ఇంకేదో పొంగుకొచ్చింది. మసి చేత్తో కళ్ళు తుడుచుకుంటే మంట పుట్టి ఇంకాస్త నీళ్ళొచ్చాయి. తమ్ముడు చూసి, దగ్గరికి రాబోయి, ధైర్యం చాలక బండి ముందుకి పోయి హ్యాండిలు పట్టుకున్నాడు.

నాన్న వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయి వెయ్యలేదు.

"నాకు కోపం ఇంకా తగ్గలేదు నాన్నా," అంది ఆమె, ఆయన వైపు చూడకుండా.

"తగ్గేటంత పని నేనింకా చెయ్యలేదు కదమ్మా," అన్నాడు ఆయన.

బండి బరువెక్కింది. తమ్ముడు ముందునించి లాగాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ వెనక నించి చేతులు వేసి ఎత్తు రోడ్డు మీదికి తోశారు.